కలెక్టర్ బడులు తెరవమన్నారు, మా వీధిలో ఇంకా నీళ్లున్నాయి. పిల్లల్ని పంపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ: వాన ఆగింది, సోమవారం నుంచి బడులు తెరుస్తారని జిల్లా నుంచి ప్రకటన వచ్చింది. మీ వీధిలో మాత్రం నీళ్లు పూర్తిగా లాగలేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరు సెలవు పొడిగించారంటారు, ఇంకొకరు అదేం లేదంటారు. ఎవరి మాట నమ్మాలి, పిల్లల్ని పంపితే క్షేమమేనా అని అడుగుతున్నారు.

మేముండేది విజయవాడ పాయకాపురంలో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా మీద పడ్డప్పుడు మా పాప కార్పొరేషన్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి, బాబు ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. ఆ ఆగస్టులోనే తల్లిదండ్రుల కమిటీ ఎన్నికలు జరిగి నేను పాప బడి కమిటీలోకి వచ్చాను. అందువల్ల రెండు రకాల బడులూ ఎలా తెరిచారో దగ్గరుండి చూశాను.

జిల్లా ప్రకటన వచ్చిందంటే బడులు తెరుచుకోవచ్చని మాత్రమే అర్థం. మీ బడి సిద్ధంగా ఉందని గానీ, మీ గడప నుంచి అక్కడిదాకా దారి బాగుందని గానీ అందులో ఉండదు. కలెక్టరేట్‌లో కూర్చుని ఒక్కో వీధి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు కూడా. ఆ రెండు సంగతులూ మీరే కింది స్థాయి వాళ్లను అడిగి తెలుసుకోవాలి. నేనైతే ఆ రెండూ తేలేదాకా పంపను.

ముందు ప్రకటన అసలుదో కాదో చూద్దాం. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే కాబట్టి వానలు, వరదల సెలవులు సాధారణంగా అక్కడి నుంచే వస్తాయి. కలెక్టర్ చెబితే డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి, ఉత్తర్వు ఇస్తారు, అది మండల విద్యాధికారులకు (ఎంఈఓలకు), వాళ్ల నుంచి హెడ్మాస్టర్ల గ్రూపుకి చేరుతుంది. అంటే మీ బడి హెచ్చెమ్ గారికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే విషయం. ఫోన్ కలవకపోతే కలెక్టర్ అధికారిక పేజీ చూడండి. గ్రూపులో వచ్చిన ఫోటోలో పైభాగం, అంటే ఉత్తర్వు నంబరు, తేదీ ఉండే చోటు కత్తిరించి ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ప్రతి వానకీ పాత సంవత్సరాల సెలవు ఉత్తర్వులు మళ్లీ బయటికొస్తాయి, వాటిని పంపేవాళ్లు ఎవరో గానీ తేదీని మాత్రం జాగ్రత్తగా తీసేస్తారు.

జిల్లా పేరు కూడా చూడండి. నవ్వకండి, మా దగ్గర సగం గందరగోళం దానివల్లే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రంగా ఉండిపోయింది. మా అత్తగారు ఇప్పటికీ మనది కృష్ణా జిల్లా అనే అంటారు. టీవీ కింద ‘కృష్ణా జిల్లాలో బడులకు సెలవు’ అని స్క్రోలింగ్ వచ్చిందంటే మా వీధిలో సగం ఇళ్లలో పిల్లల్ని నిద్ర లేపరు. కానూరు, పోరంకి వాళ్ల పరిస్థితి ఇంకా తిరకాసు. మేం వరదలో ఉన్నప్పుడు వాళ్ల ఇల్లు కృష్ణా జిల్లా పెనమలూరు మండలం, పిల్లల బడేమో విజయవాడలో. వారధి దాటితే తాడేపల్లి, అది గుంటూరు జిల్లా. చూడ్డానికి ఒకే ఊరు, కలెక్టర్లు మాత్రం ముగ్గురు. మీ ఇల్లూ బడీ వేర్వేరు జిల్లాల్లో ఉంటే బడి ఉన్న జిల్లా ఉత్తర్వే చూసుకోవాలి.

రెడ్ అలర్ట్ వచ్చింది కదా, సెలవు ఇచ్చే ఉంటారు అనుకోవడం కూడా కుదరదు. ఆ రంగు వాతావరణ శాఖ ఇస్తుంది, సెలవు కలెక్టర్ ఇస్తారు. రెండూ ఒకే వేళకు రావాలని లేదు. 2023 జులై 20న తెలంగాణలో రెండు రోజుల సెలవు ప్రకటన పొద్దున వచ్చింది. కూకట్‌పల్లిలో ఉండే మా చెల్లెలు ఫోన్ చూసుకునేసరికి కొడుకు వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు. ఇక ఆ వ్యాన్ డ్రైవర్‌కి ఫోన్లు, పిల్లాణ్ని వెనక్కి తెచ్చుకునేదాకా టెన్షన్. అందుకే మాకు రెడ్ అలర్ట్ ఉన్న రోజు సెలవు రాకపోయినా పంపం. ఒక్క రోజు పాఠం పోతే పోయింది.

ఇప్పుడు అసలు విషయం, వాన ఆగడం. మా అనుభవంలో అన్నిటికంటే మోసం చేసింది ఇదే. సెప్టెంబరు 1 ఆదివారం, తెల్లారేసరికి సింగ్‌నగర్, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అన్నీ నీళ్లలో ఉన్నాయి. 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలోనే అంత వరద లేదు. అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. మమ్మల్ని ముంచింది మాత్రం బుడమేరు. ఎగువన దాని కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, మూడోది సైన్యం కూడా వచ్చాక 7వ తేదీన, వినాయక చవితి నాడు పూడింది. అందాకా పైన ఎండ కాస్తున్నా కింద నీళ్లు వస్తూనే ఉన్నాయి. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ మెట్ల మీద నీటి మట్టం చూసుకున్న రోజులవి. ఒక మెట్టు బయటపడిందని సంబరపడితే సాయంత్రానికి మళ్లీ మునిగేది. పాలు, తాగునీళ్లు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరి నుంచి పడవల మీద రావాల్సిందే.

కాబట్టి మీ దగ్గర నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కనుక్కోండి. మీ వీధిలో పడిన వానే నిలిచి ఉంటే మోటార్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లో తోడేస్తారు. చెరువు కట్టో, వాగు గండో కారణమైతే అది పూడిందా లేదా అని వార్డు సచివాలయంలో అడగండి. పూడిందని చెప్పేదాకా ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా లాభం లేదు.

ఇక బడి సంగతి. నీళ్లు తీశాక కమిటీ వాళ్లం హెచ్చెమ్ గారితో కలిసి లోపలికి వెళ్లాం. నల్లబల్ల మీద సగం ఎత్తులో బురద గీత, సున్నం వేసినంత తిన్నగా ఉంది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉబ్బి పగిలి ఉన్నాయి, ఆ కంపుకి వంట ఆయమ్మ కొంగు ముక్కుకు కట్టుకుంది. బీరువాలో రిజిస్టర్లన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇళ్లు కడగడానికి వచ్చిన ఫైరింజన్నే బతిమాలి బడికి తెచ్చుకున్నాం. గదులు కడిగి బ్లీచింగ్ చల్లాక చూస్తే బాగానే ఉంది, రేపే తెరిచేద్దాం అన్నారు ఒకరిద్దరు. కానీ బోరు మోటారు నీళ్లలో మునిగి కాలిపోయింది. ఆడపిల్లల బాత్రూముల్లో చుక్క నీళ్లు లేవు. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎలా ఉంటారని నేను, ఇంకో తల్లి పట్టుబట్టాం. హెచ్చెమ్ గారు మంచివారే, పైనుంచి ఒత్తిడి ఉందంటూనే ఆ మాట రాసి ఎంఈఓకి పంపారు. మోటారు వచ్చాకే పిల్లల్ని పిలిచారు.

విద్యాహక్కు చట్టం కిందే ఈ కమిటీలు ఉన్నాయండీ, ప్రభుత్వ బడి అయితే మీ కమిటీ మెంబర్లు ఎవరో కనుక్కుని వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. వెళ్లినప్పుడు కుళాయి తిప్పి చూడండి, సంపు కడిగారా అని అడగండి. స్విచ్ బోర్డుల దాకా నీళ్లొచ్చిన గదుల్లో ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా కరెంటు ఇవ్వకూడదు. ప్రహరీ గోడ పక్కన పిల్లల్ని ఆడనివ్వొద్దని చెప్పండి. రోజుల తరబడి నానిన గోడ చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, ఎండ తగిలి కుంగేటప్పుడే కూలుతుంది. బెంచీల మూలలు, బూజు పట్టిన స్టోర్ రూమ్ దుడ్డుకర్రతో కదిలించి చూడమనండి, పాములు అక్కడే చేరతాయి.

ప్రైవేటు స్కూళ్లలో కమిటీ ఉండదు, మనం అడిగేదీ ఉండదు. మా బాబు స్కూలు పేరు చెప్పను గానీ, మా వీధిలో మోకాలి లోతు ఉండగానే ‘రేపటి నుంచి క్లాసులు, యూనిఫాం తప్పనిసరి’ అని మెసేజ్ పెట్టారు. యూనిఫాం ఎక్కడుందండీ, బుడమేరులో కలిసిపోయింది. ఒక్కరొక్కరుగా ఫోన్ చేస్తే ఆఫీసులో అమ్మాయి మేనేజ్‌మెంట్‌కి చెబుతాననేది, అంతే. మా వైపు నుంచి వెళ్లే పిల్లల తల్లిదండ్రులందరం కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, వీధి ఫోటోలు జతచేసి ఇచ్చాక దిగొచ్చారు. వ్యాన్ మా దాకా వచ్చేదాకా హాజరు అడగబోమన్నారు, రంగు బట్టల్లో రావచ్చన్నారు. మీరూ అదే చేయండి. ఒకరి మాట వాళ్లకి ఆనదు.

దారి మాత్రం మీరే నడిచి చూడాలి, బండి మీద కాదు. బడి వేళకే, పిల్లలు వెళ్లే దారిలోనే నడవండి. నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. వరదప్పుడు నీళ్లు లాగడానికి తెరిచిన మూతలు మళ్లీ వేయడం మర్చిపోతారు. మా వీధి కుర్రాళ్లు ప్రతి గుంత దగ్గరా ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతారు, ఏ ఆఫీసర్ చేసిన పనీ అంత ఉపయోగపడలేదు. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ చుట్టూ నీళ్లుంటే ఆ దారి మానేయండి, 1912కి చెప్పండి. స్కూలు వ్యాన్ రైల్వే అండర్ బ్రిడ్జి కింద నుంచి వెళ్తుందా అని డ్రైవర్‌ని నేరుగా అడగండి.

సాయంత్రం సంగతి ఎవరూ చెప్పరు. నీళ్లు తగ్గాక కూడా మా వీధి దీపాలు చాలాకాలం వెలగలేదు. సగం ఇళ్లకు తాళాలు, జనం చుట్టాల ఊళ్లకు పోయారు. తాళం వేసిన ఇళ్ల దగ్గర కొత్త ముఖాలు తిరగడం మొదలైంది. మగవాళ్లు వంతులేసుకుని రాత్రుళ్లు మేడల మీద పడుకున్నారు. పాపకి ట్యూషన్ మాన్పించేశాం. సచివాలయంలో మహిళా పోలీసుకి చెబితే, స్టేషన్ నుంచి బీట్ కానిస్టేబుల్ బడి వదిలే వేళకి ఒక రౌండు వేసేలా మాట్లాడి పెట్టింది. అడిగితేనే వచ్చారు సుమా, వాళ్లంతట వాళ్లు రాలేదు. మీ వీధి దీపాల విషయం కూడా సచివాలయంలో రాయించి రసీదు నంబరు తీసుకోండి. ఏదైనా అత్యవసరమైతే 112, వరద సాయానికి రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070.

హాజరు పోతుందేమో, పరీక్షలేమవుతాయో అని బెంగపడకండి. పోయిన రోజులకి బదులు సెలవు రోజుల్లో బడి పెట్టి సరిచేస్తారు, మాకూ అలాగే చేశారు, పుస్తకాలు పోయిన పిల్లలకు మళ్లీ ఇచ్చారు. పంపలేని కారణం ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచర్‌కి ఇచ్చి, ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. వరద సాయం లెక్కలకి కూడా ఆ వీధి ఫోటోలు పనికొస్తాయి. మా దగ్గర కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 ప్రకటించినప్పుడు, పేరు జాబితాలో లేనివాళ్లు ఫోటోలు చూపించే అర్జీ పెట్టుకున్నారు.

మీది ఏ మండలమో, బడి ప్రభుత్వానిదో ప్రైవేటుదో ప్రశ్నలో రాయలేదు. అది కూడా రాస్తే ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే దారి ఎలా ఉందో చెబుతారు.