ఆల్ వీల్ డ్రైవ్ కారుకు రెండు టైర్లే మార్పిస్తే నడుస్తదా?

అన్నా, మీది గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ పవర్ పోయే ఆల్ వీల్ డ్రైవ్ బండి, 35 వేల కిలోమీటర్లు తిరిగింది, ములుగు రోడ్డు మీద కంకర రాయి తగిలి ఒక టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) కోసుకుపోయింది అన్నరు. షాపాయన ముందు చక్రాలకు రెండు కొత్తవి వేసుకోమంటున్నడు, మీకేమో పనిలో పని ఏ/టీ (ఆల్ టెరైన్, మట్టి బాటలకూ పనికొచ్చే) టైర్లు వేయించాలని ఉంది. నేను హన్మకొండలో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ నడుపుత. టైర్లు మార్పించేటప్పుడు ఇవే లెక్కలు వేసుకున్న.

పైసలు తీసేకంటే ముందు మిగిలిన మూడు టైర్ల ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాళ్లు) లోతు గేజ్‌తో కొలిపించండి. చూపుతో అంచనా వద్దు. కొత్త టైరుకు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటది. చట్టం ప్రకారం 1.6 దాకా తిప్పొచ్చు గానీ వానల్లో అంతదాకా లాగుడు మంచిది కాదు.

మీ సైజు 215/60 ఆర్17 అనుకుందాం. కొత్తది ఒక చుట్టు తిరిగితే సుమారు 2167 మిల్లీమీటర్లు పోతది. 4 మిల్లీమీటర్లు అరిగినది 2142 పోతది. అంటే కిలోమీటరుకు అరిగిన టైరు ఐదారు చుట్లు ఎక్కువ తిరగాలె. ఇక్కడి నుంచి హైదరాబాద్ పోయేసరికి ఏడెనిమిది వందల చుట్ల తేడా! మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ముందు చక్రాలకు వెనక చక్రాలకు లింకే ఉండదు కదా. మన కార్లల్ల వెనక ఇరుసుకు పవర్ పంపే కప్లింగ్‌లో క్లచ్ ప్లేట్లుంటయి. ముందూ వెనకా వేగం తేడా ఉంటే అవి జారుకుంటూ వేడెక్కుతయి. లాక్ మోడ్‌లో, అంటే వెనక చక్రాలకు కూడా పవర్ పోయేటట్టు బిగించి, పొడి రోడ్డు మీద తిప్పితే ఇంకా ఘోరం. ఆ కప్లింగ్ ఖర్చుతో పోలిస్తే ఇంకో రెండు టైర్ల ఖర్చు ఏ మూలకు?

అందుకే నా మాట ఇది. మిగిలిన మూడింటికీ కొత్తదానికీ తేడా 2 మిల్లీమీటర్ల లోపే ఉంటే అదే కంపెనీ, అదే మోడల్ టైరు ఒక్కటి తెచ్చుకోండి. కచ్చితమైన హద్దు ఓనర్ మాన్యువల్‌లో ఉంటే దాన్నే పట్టుకోండి. 35 వేలు తిరిగినయంటే మీవి బహుశా దానికంటే ఎక్కువే అరిగి ఉంటయి. అట్లయితే నాలుగూ మార్పించండి. బాగున్న పాతవి ఎక్స్‌చేంజ్‌లో ఇయ్యండి, ఎంతో కొంత తగ్గుతది. నేను అదే చేసిన, బేరం మాత్రం గట్టిగ ఆడాల్సి వచ్చింది.

ఏ/టీ సంగతి: మీరు ఎక్కువ తిరిగేది హైవే, ఎప్పుడన్నా తాడ్వాయి, మేడారం దిక్కు. దానికి హెచ్/టీ (హైవే టెరైన్, మామూలు రోడ్డు టైర్లు) చాలు. ఏ/టీకి సప్పుడు ఎక్కువ, మైలేజ్ తక్కువ. వాన పడ్డంక పత్తి చేలల్ల నల్లరేగడి ఏ టైరైనా నింపేస్తది, ట్రెడ్ కనపడదు. ఇంకోటి, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నది బండిని లాగడానికే, ఆపడానికి కాదు. తడి రోడ్డు మీద ఆగేది టైరు పట్టుతోనే.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ నంబర్ చివరి నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. మూడేండ్ల పాతది డిస్కౌంట్‌లో ఇస్తమన్నా వద్దు. లోడ్, స్పీడ్ రేటింగ్ (టైరు ఎంత బరువు, ఎంత వేగం తట్టుకుంటదో చెప్పే గుర్తు) ఇప్పుడున్నదానికంటే తక్కువ తీసుకోకండి. రామగుండం దిక్కు మేలో 45 డిగ్రీలు దాటే ఎండల్లో గాలి తక్కువుంటే టైరు తొందరగ ఖరాబైతది, గాలి పొద్దున చల్లగున్నప్పుడే చూసుకోండి. కొత్తవి వేసినంక 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి రొటేషన్ (టైర్లను ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చుడు) చేయించండి, నాలుగూ సమానంగ అరుగుతయి.

ఆ కోసుకుపోయిన టైరుకు ప్యాచ్ వేస్తమని పంక్చర్ షాపులో ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, సైడ్‌వాల్‌కు ప్యాచ్ ఆగదు. స్టెప్నీ వేసుకునేముందు సైజు చూడండి. చిన్న సైజుదైతే మెల్లగ షాపు దాకా మాత్రమే పోండి.