ఫ్రాంక్‌ఫర్ట్ సరే, జర్మన్ సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి క్రిటికల్ థియరీ చదువుతానంటోంది. పెట్టుబడిదారీ సమాజాన్ని విమర్శించే చదువట. దాంతో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన ఎక్కడా కనిపించదు. అలాగని అది కూర్చుని వ్యవస్థను తిట్టుకునే చదువూ కాదు.

క్రిటికల్ థియరీ పుట్టింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో మొదలైన సామాజిక పరిశోధన సంస్థలో. డబ్బు పెట్టింది ఫెలిక్స్ వైల్, ఓ పెద్ద ధాన్యం వ్యాపారి కొడుకు! 1929లో ఆ సంస్థ తరఫున మనస్తత్వవేత్త ఎరిక్ ఫ్రామ్ బృందం జర్మన్ కార్మికులకు 271 ప్రశ్నల ఫారాలు పంచింది. ఏ పార్టీకి ఓటేస్తారని అడగడంతో ఊరుకోలేదు, పిల్లల్ని కొట్టకుండా పెంచగలమా అని కూడా అడిగింది. వామపక్షాలకు ఓటేసేవాళ్లలోనూ చాలామంది మనసులో పెత్తనానికి లొంగే గుణం బయటపడింది. 1933లో నాజీలు సంస్థను మూయించారు. జెనీవా మీదుగా న్యూయార్క్ వెళ్లి, యుద్ధం తర్వాత తిరిగొచ్చింది.

ఆనాటి ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. 2025 ఫిబ్రవరి జర్మనీ ఎన్నికల్లో తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 20.8 శాతం ఓట్లొచ్చాయి. అద్దె కట్టలేక విసిగినవాడి కోపం ఇంటి యజమానిని వదిలేసి వలసొచ్చినవాడి మీదికి ఎందుకు మళ్లుతోంది? పాత పుస్తకాలు వల్లె వేస్తే జవాబు దొరకదు, మళ్లీ ఫారాలు పట్టుకుని జనం దగ్గరికే వెళ్లాలి.

ఇక ఖర్చు. గోథె యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చార్జీలు ఉంటాయి. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతేనని తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. అసలు చిక్కు భాషతోనే. అక్కడి పొలిటికల్ థియరీ ఎంఏ జర్మన్‌లోనే చెబుతారు.

అందుకే ముందు పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి హెచ్‌సీయూలోనో జేఎన్‌యూలోనో సోషియాలజీ ఎంఏ చేయమనండి. పక్కనే జర్మన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. రెండోది రాకపోతే పరిశోధన సంస్థల్లో పని దొరకడం కష్టం. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో మీకు తెలియంది కాదు, ఆరేడేళ్ల ఓపిక ఉండాలి.

ఈ సెలవుల్లో అమ్మాయిని పది ప్రశ్నలు రాసుకుని ఖమ్మంలో పదిమంది ఆటోవాళ్లతో మాట్లాడి రమ్మనండి. మూడో మనిషికే విసుగొస్తే లాసెట్ గురించి ఆలోచిద్దాం.