టెక్ సందేహాలు: ఉచిత పైథాన్ సెమినార్లను నమ్మవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బీకాం పూర్తిచేసి బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని ‘నిపుణులతో పైథాన్ ఉచిత సెమినార్’ అన్న ప్రకటన చూసి వెళ్లాను. చాలాసేపు జీతాల గురించే చెప్పి, ఈ రోజే చేరితే ఫీజులో రాయితీ అన్నారు. నిజంగా ఉచితంగా చెప్పేవాళ్లు ఉన్నారా? నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. సరిపోతుందా?

జవాబు: ఉన్నారు, అదీ మీరున్న ఊళ్లోనే. ‘బ్యాంగ్‌పైపర్స్’ అనే పైథాన్ బృందం బెంగళూరులో ఏళ్ల తరబడి ఉచిత సమావేశాలు జరుపుతోంది. పైథాన్ వాడేవారంతా కలిసే ‘పైకాన్’ సదస్సు మన దేశంలో మొదటిసారి 2009లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లోనే జరిగింది. పైకాన్‌కు టికెట్ ఉంటుంది. బృందం సమావేశాలకు మాత్రం ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. ఇవి తరచుగా ఏదో ఒక కంపెనీ ఆఫీసులో జరుగుతాయి కాబట్టి గేటు దగ్గర చూపడానికి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

మీరు చూసిన సెమినార్ అమ్మకం సభ. కొత్తగా ఊరికి వచ్చిన పిల్లల ఆశను అలా సొమ్ము చేసుకోవడం అన్యాయం. ఇకపై వెళ్లేముందు ఒక్కటే చూడండి: ఎవరు, ఏ అంశంపై మాట్లాడతారో ప్రకటనలో ఉందా? నిజమైన సమావేశంలో వక్త తాను ఉద్యోగంలో ఎదుర్కొన్న సమస్యను, దానికి రాసిన కోడ్‌ను తెరపై చూపిస్తాడు. అమ్మకం సభలో జీతాల పట్టిక చూపిస్తారు. అక్కడ నోట్సు ఇస్తే అందులో ఫలితాన్ని తెరపై చూపించే ‘ప్రింట్’ ఆదేశం ఎలా రాశారో గమనించండి. బ్రాకెట్లు లేకుండా రాసి ఉంటే అది పాత వెర్షన్ అయిన పైథాన్ 2. దానికి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంకా అదే ఇస్తున్నారంటే ఆ సంస్థకు డబ్బు కట్టకండి.

అయితే ఓనమాలు దిద్దించడం ఈ సమావేశాల పని కాదు. లిస్టు, లూపు, ఫంక్షన్ వంటి ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు తెలియకుండా వెళ్తే మొదటి పావుగంటలోనే తల తిరుగుతుంది. ముందు రెండు నెలలు గదిలో కూర్చుని ఇవి నేర్చుకోండి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెప్పిన పైథాన్ పాఠాలు చాలా బాగుంటాయి. చూడటం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. పాఠం విని ఊరుకోకుండా ప్రతి ఉదాహరణనూ మీ చేత్తో టైపు చేయండి. ఇంగ్లిష్ పాఠాలు కష్టమనిపిస్తే ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’లో తెలుగు ఆడియో ఉన్నవాటిని వెతకండి.

ఈ దశకు 4 జీబీ ర్యామ్ చాలు. కోడ్ రాసి నడపడానికి పైథాన్‌తో పాటే వచ్చే ‘ఐడిల్’ అనే ప్రోగ్రామ్ తేలికగా నడుస్తుంది. పెద్ద డేటాతో పని పడితే గూగుల్ కొల్యాబ్ వాడండి. అందులో కోడ్ గూగుల్ కంప్యూటర్లపై నడుస్తుంది, మీకు బ్రౌజర్, ఇంటర్నెట్ ఉంటే సరి. కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇప్పుడే అప్పు చేయకండి.

సమావేశానికి వెళ్లేటప్పుడు మీ కోడ్‌లో చిక్కుబడ్డ ఒక చోటును తీసుకెళ్లండి. ఎర్రర్ వస్తే కనిపించే సందేశంలో చివరి వరుసను ఉన్నదున్నట్టు రాసుకోండి. తప్పు ఏ రకందో సాధారణంగా అక్కడే ఉంటుంది. విరామంలో వక్తకు ఆ వరుస, దానికి కారణమైన నాలుగు వరుసల కోడ్ చూపించండి. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు, కోడ్ చూస్తే వాళ్లకు అర్థమవుతుంది.