కాలేజీ సంచికకు కథ ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివానమ్మా. కాలేజీ వార్షిక సంచికకు ఇచ్చెయ్యాలా, పెద్ద పత్రికలకు పంపే స్థాయి వచ్చేదాకా దాచుకోవాలా అని అడిగావు. దాచుకోకు, ఇచ్చెయ్. పెద్ద పత్రికలో నీ కథ ఎవరు చదువుతారో నీకు తెలియదు. కాలేజీ సంచిక చదివేవాళ్లు మాత్రం నువ్వెక్కే బస్సే ఎక్కుతారు, నువ్వు టీ తాగే క్యాంటీన్‌లోనే కూర్చుంటారు. ఒక్క వివరం తప్పు రాసినా ఇట్టే పట్టేస్తారు. సరిగ్గా రాస్తే, రోజూ చూసేదే కదా, మనకెందుకు తట్టలేదని ఆశ్చర్యపోతారు. కొత్తగా రాసేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠకులు దొరకరు.

నీ కథలో అలాంటి చోటు ఒకటుంది. తల్లి కూరగాయల గంపతో రైతుబజారుకు బయల్దేరింది. అదే బస్సులో కూతురు కాలేజీకి వెళ్తోంది. ఫ్రెండ్స్ ఉన్నారని వెనక సీట్లో కూర్చుంది, అమ్మను పలకరించలేదు. ముందు నిలబడ్డ అమ్మ రెండు జీరో టికెట్లు తీసుకుని ఒకటి వెనక్కి పంపింది. అది ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ కూతురి దాకా వచ్చింది. ‘ఎవరు తీసుకున్నారే నీకు?’ అని పక్కనున్న అమ్మాయి అడిగింది.

అక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఉండిపోయాను. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది. దాని గురించి మంచీ చెడూ చాలా మాట్లాడుకున్నాం. డబ్బు కట్టక్కర్లేని ఆ చిన్న కాగితం ఒక తల్లికీ కూతురికీ మధ్య ఇంత పని చేస్తుందని మాత్రం నీ కథలోనే చూశాను.

కానీ ఆ వెంటనే ‘తల్లి ప్రేమ ముందు నా అహంకారం తలవంచింది. నా కళ్లల్లో నీళ్లు సుడులు తిరిగాయి’ అని రాశావు. ఆ రెండు వాక్యాలూ కొట్టెయ్. టికెట్ వచ్చి ఆ పిల్ల చేతిలో పడేసరికే మాకంతా తెలిసిపోయింది. చదివేవాళ్లకు అర్థమవుతుందో లేదోనన్న టెన్షన్‌తో రాసిన వాక్యాలవి. ఆ టెన్షన్ నీకు అక్కర్లేదు. పక్క అమ్మాయి అడిగిన ప్రశ్నకు కూతురు ఏం చెప్పిందో రాయకపోవడం చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు.

ఇంకో సంగతి. బస్సులో చక్కగా మీ ఊరి మాట మాట్లాడిన అమ్మ, ఇంటికొచ్చాక పాఠ్యపుస్తకం చదివినట్టు మాట్లాడింది. ఆ సీను మళ్లీ రాయి. సంచిక చూసే తెలుగు సార్ యాసను దిద్దుతారేమో అని భయపడ్డావు. కథనమంతా మామూలు తెలుగులో ఉంచి, మాటలు మాత్రం మాట్లాడినట్టే రాశానని ముందే ఆయనతో చెప్పు. కావాలనే రాశావని తెలిస్తే ఆయనా ఆలోచిస్తారు.

బీఎస్సీ చదువుతున్నాను, నాకు సాహిత్యమేం తెలుసు అని ఉత్తరం చివర రాశావు. ఆ మాట నాకు నచ్చలేదు. పాలగుమ్మి పద్మరాజు గారు కాకినాడలో సైన్సు లెక్చరర్. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో ఆయన ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. నువ్వు ల్యాబ్ గురించి కూడా రాయాలని నా కోరిక. రోజూ సాయంత్రం దాకా ల్యాబుల్లో నిలబడే పిల్లల గురించి మన కథల్లో ఎంత తక్కువ ఉందో చూడు.

కాలేజీ సంచికలకు ఏటా వచ్చే రచనలు నేను చాలా చూశాను. అమ్మ మీద, స్నేహం మీద, దేశం మీద కవితలే ఎక్కువ. వాటిలో కొన్ని వాట్సాప్‌లో తిరిగినవి, ఇప్పుడు కొన్ని ఏఐతో రాయించినవి. అందుకే ఇది నీ సొంత రచనేనా అని సార్ గట్టిగా అడుగుతారు. నొచ్చుకోకు.

కాలేజీ సంచికను ఎవరు దాచుకుంటారు అంటావేమో. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఊళ్ల నుంచి ఎంతోమంది తమ పద్యాలు పంపబట్టే అది అంత పుస్తకమైంది. అప్పుడు మనదేముందిలే అని ఊరుకున్నవాళ్ల పేర్లు అందులో లేవు. మీ సంచిక కూడా లైబ్రరీలో ఉంటుంది. మీ ఊరి బస్సులో ఈ రోజుల్లో ఏం జరిగేదో ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు.

ఇక ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు. నీ పేరు, గ్రూపు, సంవత్సరం ప్రతి పేజీ మీదా రాయి, విడి కాగితాలు కలిసిపోతుంటాయి. పక్క సీటు అమ్మాయి ఎవరో మీ క్లాసు వాళ్లకు తెలిసిపోయేలా ఉంది. ఆ జడ, ఆ నవ్వు మార్చు, లేదా ఆ అమ్మాయికి ముందే చూపించు. రెండు పేజీలకు తగ్గించమంటే నువ్వే తగ్గించి ఇవ్వు, వేరేవాళ్లకు వదలకు. మొదటి పేజీలోని సూర్యోదయం తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

అచ్చుకు ముందు తీసే ప్రూఫు మాత్రం తప్పకుండా అడిగి చూడు. నువ్వు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేస్తావు, పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు చాలాసార్లు దాన్ని ‘అను’ అనే, యూనికోడ్ కాని ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు చోటు మారతాయి. ఊరికే చూస్తే కనపడవు. ఒకరు నీ ప్రతి పైకి చదువుతుంటే నువ్వు ప్రూఫు మీద వేలు పెట్టి సరిచూసుకో. ముఖ్యంగా అమ్మ మాటలున్న చోట, అవి తప్పులనుకుని ఆపరేటరు సరిచేసే ప్రమాదముంది.

గడువు దగ్గరపడిందన్నావు. తిరగరాసింది నాకు చూపించాలని ఆగకు, నేరుగా సార్‌కి ఇచ్చెయ్. అచ్చయ్యాక ఒక కాపీ పంపు. నీ కథతో పాటు మిగతా పిల్లలవి కూడా చదవాలని ఉంది.

ఆశీస్సులతో.