దించకముందే కాగితం తెచ్చుకోండి

ప్రశ్న: మాది పాలకొల్లు. బజారులో తాతగారి నాటి కిరాణా కొట్టు. పైన రేకుబోర్డు, చివర ౧౯౪౮ అని తెలుగు అంకెలు. రెండున్నర అడుగులు డ్రైనేజీ మీదికి వచ్చింది, మున్సిపాలిటీవాళ్లు తీసేయమంటున్నారు. రిపేరుకని దించినా మళ్లీ పెట్టనివ్వరని పక్క కొట్టువాళ్లు అంటున్నారు. ఒకటే టెన్షన్. పాత బోర్డులకు రూల్స్‌లో రక్షణ ఉందా? – ఒక పాఠకుడు

జవాబు: మీరు పంపిన ఫోటో చాలాసేపు చూశానండీ. ‘మర్చంటు’ అనే మాటలో ఇప్పుడు మనం ర కింద చ వత్తు ఇస్తాం. మీ పెయింటరు చ రాసి, పక్కన వలపల గిలక, అంటే ర్‌కి పాతకాలంలో అక్షరం కుడిపక్కన పెట్టే గుర్తు, పెట్టాడు. అలా రాసిన బోర్డు బజార్లో చూసి ఎన్నాళ్లయిందో! ఎంత ఖర్చైనా దాన్ని నిలుపుకోండి.

మీ పక్కవాళ్ల భయం నిజమే. రూలు రాకముందు నుంచీ ఉన్న బోర్డును చాలాచోట్ల చూసీచూడనట్టు వదిలేస్తారు. ఒకసారి దించి మళ్లీ ఎక్కించబోతే అది కొత్త బోర్డు లెక్కలోకి వస్తుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ ఊళ్లో పాత నియాన్ బోర్డులకు ఇదే చిక్కు వచ్చింది. బాగుచేయిస్తే కొత్త కొలతలకు లోబడాలి, చేయించకపోతే తుప్పు పడతాయి. 2011లో ఆ ఊరి కౌన్సిల్ సైన్ బోర్డుల రూల్స్‌నే సవరించింది. చారిత్రకమని గుర్తించిన బోర్డును బాగుచేసి మళ్లీ పెట్టుకోవచ్చంది.

మన దగ్గర పురాతన కట్టడాల రక్షణకున్న 1958 నాటి కేంద్ర చట్టం కనీసం నూరేళ్లు నిండిన కట్టడాల గురించి. మీ బోర్డు వయసు చాలదు. 2016 కేంద్ర మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో వారసత్వ కట్టడాలకు ఒక అధ్యాయమే ఉంది, వాటిని మూడు గ్రేడులుగా జాబితా కట్టమంటుంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం, ఊరు తమ రూల్స్‌లో కలుపుకుంటేనే పనికొస్తుంది. కలుపుకున్నది కూడా పోవచ్చు: హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో తెచ్చిన పదమూడో రెగ్యులేషన్‌ని 2015లో తీసేశారు.

అందుకని మీరు అడగాల్సింది కౌన్సిల్ తీర్మానం. ‘ఈ బోర్డు పాతది, బాగుచేసి, గోడకు ఆనించి, ఇదే కొట్టుకు మళ్లీ బిగించుకోవచ్చు’ అని మినిట్స్‌లో ఎక్కితే చాలా బలం. రెండున్నర అడుగులూ వెనక్కి జరుపుతామని మీరే ముందుగా రాసివ్వండి. డ్రైనేజీ మీద నడిచేవాళ్ల తల మీద రేకు ఊగడం నాకూ ఇష్టం లేదు. మీ వార్డు కౌన్సిలర్‌ని వెంటబెట్టుకుని కమిషనర్ గారికి అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. పక్కన టేపు పెట్టి తీసిన ఫోటోలు, పాత ట్రేడ్ లైసెన్సు, తాతగారి కాలం నాటి బిల్లు పుస్తకం ఉంటే అదీ జతచేయండి. బజార్లో ఇలాంటి బోర్డులు ఇంకో నాలుగున్నా అందరూ కలిసి వెళ్లండి. ఒక్క కొట్టు కోసమైతే మినహాయింపు అంటారు, బజారంతా అడిగితే రూలు గురించి ఆలోచిస్తారు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరినప్పుడు, డెల్టాలోనే ఒక ఊళ్లో, కాఫీ హోటల్ పిట్టగోడకు కూల్చాలని ఎర్ర పెయింటుతో మార్కింగ్ వేసింది నేనే. పిట్టగోడ మీద సున్నంతో పోతపోసిన పేరు ఉండేది. గునపం పోట్లకు అక్షరాలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. హోటల్ పెద్దాయన ఏమీ అనలేదు. ‘శ్రీ’ ముక్కను తుండుగుడ్డలో మూటకట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ గోడను గ్రైండర్‌తో పలకలా కోయించి కొత్త గోడలో అమర్చవచ్చని నాకు తట్టలేదు, చెప్పినవాళ్లూ లేరు.

ఇంకొక్క మాట. కొత్తగా మెరవాలని బోర్డు మీద ఎనామిల్ వేయించకండి. తుప్పు పట్టిన అంచులు, వెనక చట్రం మాత్రం బాగుచేయించండి. ఆ వలపల గిలక మీద బ్రష్ పడనివ్వకండి.