అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గంజాయి ఏ ఏడాది చట్టబద్ధమైంది?

అసైన్‌మెంట్ కోసం వెతికితే 2000, 2012, 2014 అని మూడు సంవత్సరాలు కనిపిస్తున్నాయన్నారు కదా, మూడూ కరెక్టే అండి. 2000లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన 20వ సవరణతో వైద్యానికి మాత్రమే ఒప్పుకున్నారు. 2012 నవంబరులో 64వ సవరణ దాదాపు 55 శాతం ఓట్లతో గెలిచింది, గవర్నర్ హికెన్‌లూపర్‌కు అసలు ఇష్టం లేకపోయినా డిసెంబరు 10న ప్రకటన మీద సంతకం పెట్టక తప్పలేదు, అప్పటినుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు ఒక ఔన్సు వరకు ఉంచుకోవచ్చన్నారు (2021 దాకా ఇదే పరిమితి). ఉంచుకోవచ్చు సరే, కొనడానికి షాపేదీ? లైసెన్సులు, పన్నులు తేలేసరికి 2014 జనవరి 1 వచ్చింది. కాబట్టి చట్టబద్ధమైన ఏడాది అంటే 2012 రాయండి, అమ్మకాలైతే 2014.

అన్నట్టు, మీరు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నానన్నారు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం, ఒప్పుకోదు, వీసా దగ్గర చూసేది దాన్నే. చదివి రాయడం వరకే ఉంచుకోండి.