తలుపొక్కటే తెల్లబడ్డది, ఏం జెయ్యాలె?

ప్రశ్న: అన్నా, మా తాత అంబాసిడర్ ఉంది, 1986 మోడల్, తెల్లది. దసరా బండి పూజ కల్లా క్యాండీ రెడ్ కొట్టిద్దామని హన్మకొండల ఒక పెయింటర్‌కిచ్చిన. ముసురుల శాంపిల్‌కని ఒక తలుపుకు ఎర్రటి, జల్ది ఆరే నైట్రోసెల్యులోజ్, అంటే ఎన్‌.సి. పెయింట్ కొట్టిండు, కాసేపటికే పొగ పట్టినట్టు తెల్లబడ్డది. పెయింట్ నకిలీదా? మా తమ్ముడేమో మిలిటరీ గ్రీన్ కొట్టిద్దాం అంటుండు.
(పరకాల పాఠకుడు)

జవాబు: దుకాణపాయన మీదికి పోకు తమ్మీ. ముసురుల ఎన్‌.సి. కొడితే మంచి డబ్బైనా గట్లనే అయితది. థిన్నర్ గబగబ ఎగిరిపోతుంటే రేకు చల్లబడ్తది, చల్లనీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు గాలిల తేమొచ్చి తడి పెయింట్ల ఇరుక్కుంటది, అదే ఆ తెలుపు. ఎండ మంచిగున్న రోజు రిటార్డర్ (థిన్నర్ నిమ్మళంగ ఎగిరేటట్టు చేసే మందు) కలిపిన థిన్నర్ పల్చగ ఒక చెయ్యి కొట్టి చూడుమను, పైపైన ఉంటే పోతది, లేకుంటే వాటర్ పేపర్‌తోటి రుద్ది మళ్ల కొట్టుడే.

మనోళ్లు ఇంకా డూకో అంటరు కదా, అది అమెరికాల డూపాంట్ కంపెనీ ఎన్‌.సి. పెయింట్ పేరు. అంతకుముందు వార్నిష్ రంగులు ఆరనీకి వారాలు పట్టేది, ఫోర్డ్ మోడల్ టీ అయితే 1914 నుంచి 1925 దాక నలుపొక్కటే. డూకో గంటల్ల ఆరుడుతోటి 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు నీలంల వచ్చినయ్. ఆ జల్ది ఆరే గుణమే నీ తలుపును ముంచింది.

ఇగ క్యాండీ, అసలు ఒక్క తలుపు కొట్టుడే తప్పు. కింద వెండి లేకుంటే బంగారు బేస్, మీద అద్దం లెక్క ఎరుపు, ఆపైన రంగులేని క్లియర్ కోటు. వెలుగు ఎరుపుల నుంచి లోపలికి పోయి వెండికి తాకి వాపస్ వస్తది, అందుకే ఆ లోతు. కోటు పెరిగినకొద్ది రంగు ముదురుతది, తలుపుకు నాలుగు, బానెట్‌కు అయిదు పడితే రెండు బండ్లు అతికినట్టుంటది. బండి మొత్తం ఒకే గన్‌తోటి, కోట్లు లెక్కబెట్టుకుంట కొట్టాలె. అంబాసిడర్ గుండ్రటి మడ్‌గార్డుల మీద మస్తుంటది, ఒప్పుకుంట, కానీ ఒక్క గీత పడితే ఆ రంగు మళ్ల కలపనీకి పెయింటర్‌కు చుక్కలే.

మీ తమ్మునికి చెప్పు, ఆలివ్ గ్రీన్ సైన్యం బండ్లకే, 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల 121వ రూల్ అది. ఎరుపైనా సరే, ఆర్‌సీల రంగు మార్పియ్యాలె, ముందుగాల ఆర్టీఏ ఆఫీసుకు పో.

ఈ దసరాకు ఎర్రతలుపు తెల్లబండికే బొట్టు పెట్టు. దీపావళి దాటి గాలి ఆరినంక షెడ్డుకు తోలు.